వదిన నోట్లో రీడు

మా వదిన ఓర్పు గురించి మా వీధిలో కథలు కథలుగా చెప్పుకునేవారు. నా నోటిని భరిస్తూ ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద కాపురం చేసిందంటే ఆవిడ మనిషి కాదు, భూదేవేనని పక్కింటావిడ నా మొహం మీదే అనేది. ఆడపడుచు అర్ధమొగుడన్న సామెత నిలబడటానికి నా వంతు సాయం నేనూ చేశాను, కాదనను. పెళ్ళి చేసుకోకుండా అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయాను. వచ్చిన సంబంధాలన్నీ వీధి మలుపులోనే నా గొంతు విని వెనక్కి తిరిగాయని అన్నయ్య అంటాడు. అతను రోజు మొత్తంలో మాట్లాడే నాలుగు మాటల్లో అదొకటి.

మాది హార్మోనియాలు చేసే ఇల్లు. కింద ఒకదాని వెనుక ఒకటిగా మూడు గదులు, పైన పడకలు. వీధి గదిలో అమ్మకం, అక్కడ నేనుంటాను. తిత్తులకి తోలు అతికిస్తూ వచ్చినవాళ్ళతో బేరమాడతాను, బేరం కుదరకపోతే పోట్లాడతాను. మధ్య గది అన్నయ్యది. పెట్టెలు అతను చేస్తాడు. అక్కడ నేలంతా చెక్కపొట్టు, గాలంతా జిగురు వాసన. వెనుక గది వదినది. కిటికీ కింద పొడవాటి బల్ల, బల్ల మీద ఆకురాళ్ళు, గీకే ఉలులు, టంకం కాల్చే కడ్డీ. శ్రుతి చేయడం ఆమె పని. ఆమె చెయ్యి పడకపోతే మేం అమ్మేవి మూతలున్న చెక్క పెట్టెలు, అంతే.

హార్మోనియంలో ఒక్కో స్వరానికి ఒక్కో రీడు ఉంటుంది. వేలెడంత ఇత్తడి పలక, దాని మధ్యలో సన్నటి ఇత్తడి నాలుక. గాలి తగిలితే నాలుక ఆడుతుంది, స్వరం పలుకుతుంది. స్వరం పెంచాలంటే నాలుక కొసని కాస్త గీకాలి. దించాలంటే మొదలు దగ్గర గీకాలి, లేదంటే కొస మీద సీసం కలిసిన టంకం చుక్క పెట్టి బరువెక్కించాలి. మంద్రస్థాయి రీడ్ల మీద ఆ చుక్క కందిగింజంత ఉంటుంది. గీకిన ప్రతిసారీ, చుక్క పెట్టిన ప్రతిసారీ స్వరం సరిపోయిందో లేదో వినాలి. అందుకు రీడుని పరీక్షపెట్టెలో బిగించి తిత్తి కొట్టాలి, మళ్ళీ విప్పాలి, మళ్ళీ గీకాలి. ఆ పద్ధతిలో పోతే ఒక్క పెట్టె తేలడానికి తాతలు దిగిరావాలి.

వదిన వాళ్ళ నాన్నది దగ్గరి దారి. రీడుని పళ్ళ మధ్య పట్టుకుని, పెదవులు మూసి, గాలి పీల్చడమే. రీడు నోట్లోనే పలుకుతుంది. 'చెవి మోసం చేసినా నోరు చెయ్యదమ్మా' అని ఆయన కూతురికి నేర్పాడట. ఆయన ఎప్పుడూ ఏదో ఒక నలతతోనే ఉండేవాడని, దాన్ని వాళ్ళింట్లో ముసలితనం కింద జమకట్టేశారని తర్వాత తెలిసింది. ఆయన ఆకురాళ్ళ పెట్టెతో పాటు ఈ అలవాటు కూడా వదిన వెంట మా ఇంటికి వచ్చింది. దర్జీ పెదవుల మధ్య గుండుసూది ఎంత మామూలో మా ఇంట్లో వదిన నోట్లో రీడు అంత మామూలు. దాన్ని ఎవరమూ పట్టించుకోలేదు.

వదిన జబ్బులు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పలేను. ఒక చలికాలం జలుబు వచ్చి, చెవిలోకి దిగి, చీము పట్టింది. తగ్గింది. మళ్ళీ వచ్చింది. తర్వాత వీపు మీద సెగ్గడ్డ, దాని తర్వాత ఛాతీలో కఫం, ఆ వెనకే నోటిపూత. ఊళ్ళోకి ఏ రోగం దిగినా ముందు మా ఇంటి గుమ్మం అడిగి వస్తున్నట్టుండేది. ఆకురాయి గీసుకుని బొటనవేలు తెగితే ఆ గాయం ఎండాకాలమంతా పచ్చిగానే ఉంది. మందులు వేసుకుంటే ఒకటి తగ్గేది, మందుబిళ్ళలు అయిపోయేలోగా ఇంకొకటి తయారు. పక్కింటావిడ దిష్టి అంది. అన్నయ్య ఏమీ అనకుండా రెండు పూటలా గుడ్లు ఉడకబెట్టడం మొదలుపెట్టాడు. నేను మాత్రం, 'తిండి తినదు, నిద్ర పోదు, ఆ బల్లకి అతుక్కుని కూర్చుంటుంది, రోగాలు రాక భోగాలు వస్తాయా' అని ఇల్లంతా వినపడేలా సాధించేదాన్ని. భయమేసినప్పుడు నాకు కోపమొక్కటే చేతనవును.

మా వీధి చివరి డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించారు. చక్కెర లేదు. తెల్లకణాలు ఉండాల్సినన్ని ఉన్నాయి. కాస్త రక్తం తక్కువగా ఉందని బలానికి మందు రాశారు. ఆ బలం మందు తాగుతూనే వదిన మళ్ళీ జ్వరంతో పడింది. ఒక పూట పైకి అన్నం తీసుకెళ్తే, దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి, 'ఈసారి లేస్తానంటావా?' అని అడిగింది. 'లేవకపోతే నీ బల్ల తగలబెడతా' అన్నాను. కిందకొచ్చి జిగురు గిన్నె ముందు కూర్చుని ఏడ్చాను.

అసలు సంగతి బయటపెట్టింది పళ్ళ డాక్టరమ్మ. దవడ వాచిందని తీసుకెళ్ళాను. చిన్న వయసు పిల్ల. నోట్లోకి దీపం పెట్టి చూసి, దవడ సంగతి మరిచిపోయినట్టు చిగుళ్ళనే చూస్తూ ఉండిపోయింది. నన్ను కూడా పిలిచి చూపించింది. పళ్ళు చిగుళ్ళని తాకే అంచు వెంట, పెన్సిలుతో గీసినట్టు, నీలమూ నలుపూ కలిసిన సన్నటి గీత ఉంది.

'ఏం పని చేస్తారండీ మీరు?' అని వదినని అడిగింది.

వదిన జవాబు చెప్పలేదు. నేనే చెప్పాను. శ్రుతి చేయడం, రీడు, టంకం, నోరు. చెబుతూ చెబుతూ నా మాట నాకే వినపడి మధ్యలో ఆగిపోయాను. ఆ పిల్ల చేతి తొడుగులు తీసేసి డాక్టరుగారికి చీటీ రాసింది. ఈసారి రక్తంలో సీసం ఎంతుందో చూడమని.

ఉండకూడనంత ఉంది. డాక్టరుగారు కాగితం బల్ల మీద పెట్టి నిదానంగా చెప్పారు. 'ఒంట్లో కాపలా ఉంటుందమ్మా. మీ వదినకి కాపలావాళ్ళ సంఖ్య బాగానే ఉంది. కానీ వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు కబురు పంపుకోవాలి. ఎవరు పరాయివాడు, ఎప్పుడు తరమాలి, ఎప్పుడు ఆగాలి అని. సీసం ఆ కబుర్లని చెడగొడుతుంది. అందుకే మామూలు జలుబు కూడా వదలట్లేదు.'

'అంటే కుక్క ఉంది గానీ దొంగొస్తే తోకాడిస్తోంది, అంతేనా' అన్నాను.

'దాదాపు అంతే. కొందరిలో ఇంకో రకం కూడా ఉంటుంది. దొంగని వదిలేసి ఇంటివాళ్ళనే కరుస్తుంది. పాదరసం లాంటివాటితో పనిచేసేవాళ్ళలో అలా తమ ఒంటి మీద తామే తిరగబడటం చూస్తుంటాం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మీ వదిన అక్కడిదాకా పోలేదు, సంతోషించండి.' ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. 'ఆవిడకొచ్చిన ప్రతి జబ్బూ సీసం వల్లేనని నేను చెప్పలేను. చెవికీ ఛాతీకీ వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ సీసం ఆగకుండా ఏదీ పూర్తిగా తగ్గదని మాత్రం చెప్పగలను.'

'మందు లేదా?' అని అన్నయ్య అడిగాడు. ఆ రోజుకి అది అతని మొదటి మాట.

'సీసాన్ని బయటికి లాగే మందులున్నాయి. ఒకపక్క లోపలికి పోతూ ఉంటే అవి ఇవ్వడం మేలుకంటే కీడు. ముందు నోటికి వెళ్ళడం ఆపండి. ఆగితే ఒళ్ళే మెల్లగా పంపించేస్తుంది. కొంత ఎముకల్లో దాక్కుంటుంది, అది త్వరగా వదలదు. ఓపిక పట్టాలి.'

ఓపిక అనగానే అందరం వదిన వైపు చూశాం. ఆమె తన చేతులు చూసుకుంటోంది.

ఇక చూసుకోండి నా ప్రతాపం. వెనుక గది నేలంతా తడిగుడ్డతో తుడిపించాను, చీపురు లోపలికి రాకూడదని హుకుం జారీ చేశాను. టంకం పని పెరట్లో, గాలికి ఎదురుగా కూర్చోకుండా. బల్ల దగ్గర మంచినీళ్ళు కూడా తాగకూడదు. గదిలోంచి బయటికొస్తే చేతులు కడగాలి, పని చీర మార్చాలి. కొత్త రీడ్లకి సీసం లేని టంకం తెప్పించాం. బాగుచేతకి వచ్చే పాత పెట్టెల్లో ఎటూ సీసం ఉంటుంది కాబట్టి వాటిని తొడుగులు వేసుకుని ముట్టుకోవాలి. అన్నిటికీ మించి, నోట్లో రీడు కనపడకూడదు. పరీక్షపెట్టెకి అన్నయ్య కాలితో తొక్కే తిత్తి అమర్చాడు, చేతులు ఖాళీగా ఉండాలని. వదిన అన్నిటికీ తలూపింది. ఎంత మంచి మనిషి, చెప్పగానే వింది అని అందరికీ చెప్పుకున్నాను.

పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది.

ముందు ఒక నాటకాల బృందం వాళ్ళు తెచ్చారు. పక్క స్వరాలు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయన్నారు. వదిన తీసుకుని సరిచేసి ఇచ్చింది, అది మళ్ళీ వచ్చింది. తర్వాత సంగీతం మాస్టారు వచ్చారు. నేను పుట్టకముందు నుంచి మా దగ్గరే కొంటున్న మనిషి. పెట్టెని నా ముందు పెట్టి, పిల్లకి జ్వరం వచ్చిందని చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పారు. 'అమ్మాయ్, గాంధారం ఏడుస్తోందమ్మా. మీ వదిన ఒంట్లో బాగాలేదని విన్నాను. కుదురుకునేదాకా నేను వేరేచోట చూపించుకోనా?'

ఆయన మంచితనం మీద కూడా కోపమొచ్చింది. లోపలికెళ్ళి, 'కాలితో తిత్తి తొక్కడానికి బద్ధకమా నీకు, మనసు పెట్టి వినరాదూ' అని వదిన మీద పడ్డాను. ఆమె పెట్టె తీసుకుని తలుపు వేసుకుంది. ఆ వారంలో పెట్టె తిరిగి సరిగ్గా పలికింది. మాస్టారు వచ్చి వాయించి చూసుకుని, నా చేతులు పట్టుకుని వెళ్ళారు. చూశావా, తిడితే గానీ పని కాదు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మందుబిళ్ళ ఇవ్వడానికి వెనుక గదికి వెళ్ళాను. వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. 'వదినా' అన్నాను. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. ఊహూ. దగ్గరికెళ్ళి చూస్తే కళ్ళు మూసుకుని, దవడలు బిగించి ఉంది. పెదవుల మధ్య ఇత్తడి మెరిసింది.

నా నోటికొచ్చిందంతా అన్నాను. నీకు చావాలనుంటే మమ్మల్నెందుకు చంపుతావు అన్నాను. నీ మొగుడు గుడ్లు ఉడకబెట్టి ఉడకబెట్టి సగమైపోయాడన్నాను. మీ నాన్న నేర్పింది విద్య కాదు విషమన్నాను. అప్పుడు మాత్రం ఆమె కళ్ళెత్తింది. రీడు తీసి బల్ల మీద పెట్టింది.

'మా నాన్ననేం అనకు. ఆయనకి తెలీదు' అంది. 'చిట్టీ, నాకు వినపడదే.'

నాకు అర్థం కాలేదు.

'కుడి చెవి ఎప్పుడో పోయింది. చీము పట్టినప్పుడల్లా కాస్త కాస్త పోయింది. ఎడమది మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి మొన్న చలికాలం నుంచి మరీ మందగించింది. నువ్వు అరుస్తావు కాబట్టి నీ మాట అందుతుంది. మీ అన్నయ్య మాట్లాడరు కాబట్టి ఆయనతో ఇబ్బంది లేదు.'

'మరి శ్రుతి ఎలా చేస్తున్నావ్?'

'పళ్ళతో వింటున్నా.' దవడ మీద వేలు పెట్టి చూపించింది. 'గాల్లో పలికింది దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది. పళ్ళ మధ్య పెట్టుకుంటే తలలోనే పలుకుతుంది, శుభ్రంగా. మునుపు పెట్టెకి పదిసార్లు నోట్లో పెట్టుకునేదాన్నైతే ఇప్పుడు పొద్దస్తమానం అదే పని. మానేసి చూశాను కదా. ఏమైందో నువ్వే చూశావు.'

నేను స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. 'అయితే ఇన్నేళ్ళూ నేనన్న మాటలు?'

'గొణిగినవి వినపళ్ళేదు.'

'అరిచినవి?'

'వినపడనట్టు ఊరుకున్నా.'

భూదేవి ఓర్పు అని వీధి వీధంతా మోసిన బండారం ఇదన్నమాట. నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఇద్దరం అలాగే ముక్కులు చీదుకుంటూ కూర్చున్నాం.

'ఎందుకు దాచావు?' అన్నాను.

'వినపడని మనిషి శ్రుతి చేస్తుందంటే ఎవరిస్తారు పెట్టె? ఈ ఒక్కటీ తప్ప నాకేం వచ్చు? నోట్లోంచి రీడు తీస్తే పని పోతుంది, పెడితే ప్రాణం పోతుంది. పని పోయాక ఆ ప్రాణం పెట్టుకుని ఏం చేసుకోను చెప్పు?'

'రేపు ముందు ఆ చెవులు చూపిద్దాం' అని లేచాను.

మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఒక లోహపు చువ్వని కొట్టి మోగించి చెవి ముందు పెట్టారు, తర్వాత దాని కాడని చెవి వెనుక ఎముకకి ఆనించారు. ఎముకకి ఆనించినప్పుడు వదిన ఉలిక్కిపడి నవ్వింది. 'లోపలి చెవికి ఏమీ కాలేదు' అన్నారాయన. మాటిమాటికీ చీము పట్టి రెండు చెవుల్లోనూ కర్ణభేరి పొరకి చిల్లులు పడ్డాయట. గాలి దారి మూసుకుపోయింది, ఎముక దారి తెరిచే ఉంది. పళ్ళు ఎముకకి అంటుకునే ఉంటాయి కాబట్టి పళ్ళతో వినగలుగుతోంది.

అప్పుడు నాకు మొత్తం బోధపడింది. నోట్లో సీసం. సీసం వల్ల ఒంట్లో కాపలా చచ్చుబడింది. కాపలా లేక చెవుల్లో చీము. చీము వల్ల వినపడక రీడు ఇంకా ఎక్కువగా నోట్లోకి. గానుగెద్దు తిరిగినట్టు వదిన ఆ చుట్టూ తిరుగుతోంది.

'పొర అతికించొచ్చు, చిన్న ఆపరేషనే' అన్నారు చెవి డాక్టరు. 'కానీ చెవి కొన్ని నెలల పాటు పొడిగా ఉండాలి. ఇలా మళ్ళీ మళ్ళీ చీము పడుతుంటే అతికించినా నిలవదు. ముందు ఒంట్లో నిరోధకశక్తి కుదురుకోనివ్వండి.'

అంటే మళ్ళీ నోటి దగ్గరికే వచ్చింది. నెలల తరబడి రీడు నోట్లో పెట్టకూడదు, పెట్టకుండా పని చేయలేదు. ఇంటికొచ్చాక వదిన తన ఆకురాళ్ళని తుడిచి పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. వెనుక గది గుమ్మంలో అన్నయ్య నిలబడి చూస్తున్నాడు, చేతిలో జిగురు కుంచె ఉంది. చాలాసేపు చూసి, ఆమె ఎదురుగా వచ్చి కూర్చుని, ఆమెకి అందేంత గట్టిగా అడిగాడు. నా అన్న గొంతు అంత పైకి లేవడం నేను అంతకుముందు వినలేదు.

'పళ్ళకి ఇత్తడే కావాలా? చెక్క చాలదా?'

వదిన సర్దడం ఆపింది.

అన్నయ్య పాత పెట్టెలోంచి తీసిన గట్టి చెక్కతో జానెడు పుల్ల చెక్కాడు. ఒక కొస పరీక్షపెట్టె మీద రీడు పక్కనే ఆనుతుంది, రెండో కొస పళ్ళ మధ్య. కాలితో తిత్తి తొక్కాలి. మొదటి పుల్ల జుయ్యిమని తనే ఒక స్వరం పాడింది, పారేశాడు. రెండోది లావై దవడ నొప్పి పెట్టింది. ఇంకోటి చెక్కాడు, అదీ నచ్చలేదు. మధ్య గదిలో పుల్లలు పోగుపడ్డాయి. పెట్టెల పని అంతా ఆగిపోయినా నేను నోరెత్తలేదు, అదీ నా గొప్పతనం. చివరికి ఒకటి, కొస పళ్ళకి సరిపోయేలా పలచగా చేసి, నూనె పట్టించి, నునుపు తేల్చి ఇచ్చాడు. వదిన దాన్ని కరిచి పట్టుకుని తిత్తి తొక్కింది. కళ్ళు మూసుకుంది.

పుల్ల తీసి, 'కొద్దిగా కిందకుంది' అంది. ఉలి అందుకుంది. నాలుక కొసని ఒక్క గీత గీసి, మళ్ళీ పుల్ల కరిచి తొక్కింది. కళ్ళు తెరిచి అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య మాత్రం పని ఉన్నవాడిలా గబగబా మధ్య గదిలోకి వెళ్ళిపోయాడు.

పని నెమ్మదించింది. ఒక పెట్టె తేలడానికి నిజంగానే తాతలు దిగొచ్చారు. 'ఎన్నిసార్లు తోముకుంటావు వదినా ఆ పళ్ళు' అని నేను ఏడిపించేదాన్ని. పుల్ల తీయకుండానే చెయ్యి ఎత్తి కొడతానని చూపించేది. పెట్టెలు వెనక్కి రావడం ఆగింది. సంగీతం మాస్టారికి వదినే స్వయంగా సంగతంతా చెప్పింది, చెవుల మాటతో సహా. దాచి చేసిన పని ఇక వద్దంది. ఆయన ఆ పుల్ల అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, 'నాకు కనపడే కళ్ళే ఉన్నాయి, అయినా కళ్ళజోడు పెట్టుకుని వాయిస్తున్నాను. నీకు పుల్ల ఉంటే తప్పేంటమ్మా' అన్నారు. తన శిష్యులందరి పెట్టెలూ మా దగ్గరికే పంపారు.

సీసం మాత్రం మొండి బాకీదారు. పరీక్ష చేయించినప్పుడల్లా కాస్త దిగేది, ఆ కాస్త కూడా ఏడుస్తూ దిగేది. ఒకసారి అసలు దిగలేదు. డాక్టరుగారు ఎముకల్లో దాక్కున్నది బయటికొస్తోందన్నారు, పాలూ ఆకుకూరలూ మానొద్దన్నారు. వదిన దిగులుపడింది. నేను ఆ రోజంతా వెనుక గదిలోనే కూర్చుని, నా ఎదురుగా తప్ప ఏ పనీ చేయనివ్వలేదు. నమ్మకం లేక కాదు. ఒక్కసారి, ఈ ఒక్కసారికి అని చెయ్యి నోటి దాకా వెళ్ళే రోజులు అవేనని తెలుసు.

మేం గుర్తించకుండానే మార్పు మొదలైంది. ఉలి జారి అరచేయి తెగింది. కట్టు కట్టి, రోజూ విప్పి చూసేదాన్ని. ఈసారి అంచులు దగ్గరపడ్డాయి, పక్కు కట్టింది, పక్కు ఊడి లేత చర్మం వచ్చింది. మామూలు మనుషులకి మానినట్టే మానింది. నేను ఆ చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళి పక్కింటావిడకి చూపించాను. ఆవిడకి ఏం చూడాలో అర్థం కాలేదు. గీత బాగుందే, ఆయుష్షు గట్టిదే అంది. సరేనన్నాను.

చలికాలం వచ్చింది. వీధంతా దగ్గుతోంది. వదినకీ జ్వరం వచ్చింది. అన్నయ్య గుడ్ల గిన్నె పొయ్యి మీద పెట్టేశాడు. నేను దుప్పట్లూ మందులూ అన్నీ సిద్ధం చేసి యుద్ధానికి కూర్చున్నాను. జ్వరం వచ్చింది, కాసింది, చెమట పట్టి దిగిపోయింది. చెవుల్లోకి పోలేదు, ఛాతీలోకి దిగలేదు. వదిన లేచి కూర్చుని ఆకలేస్తోందంది. డాక్టరుగారికి చెబితే ఆయన నవ్వారు. 'జ్వరం రావడంలో వింతేముందమ్మా, అందరికీ వస్తుంది. దానంతటది పోయింది చూశారా, అదీ వార్త. కాపలా నిద్ర లేచింది.'

చెవులు పొడిగా ఉన్నాయి. ఎండలు ముదిరేదాకా చూసి, ముందు ఎడమ చెవికి ఆపరేషన్ చేశారు. దూది పెట్టి కట్టు కట్టి, కొన్నాళ్ళు తల తడపకూడదని, గట్టిగా చీదకూడదని పంపించారు. కట్టు విప్పాక కూడా వినికిడి ఒక్కసారిగా రాదు, మెల్లగా తెలుస్తుంది, కొందరికి అనుకున్నంత రాకపోవచ్చు కూడా అని ముందే చెప్పారు. వదిన ఏమీ ఆశ పెట్టుకోనట్టే ఉంది. 'రాకపోతే పుల్ల ఉంది కదే' అని నన్నే ఓదార్చింది.

కట్టు విప్పిన తర్వాత ఎవరమూ ఆమెని వినపడుతోందా అని అడగలేదు. అడగడానికి భయం. ఆమె చెప్పలేదు. పుల్లతోనే పని చేసుకుంటోంది. నేను తిత్తులు అతికించుకుంటున్నాను. అన్నయ్య మధ్య గదిలో పలక కోస్తున్నాడు. అలా ఎన్నాళ్ళు గడిచాయో.

ఒక ఉదయం వెనుక గదిలో తిత్తి చప్పుడు ఆగింది. వదిన గొంతు వినిపించింది, కాస్త విసుగ్గా, కూర్చున్నచోటి నుంచే.

'ఏవండీ, ఆ రంపం పళ్ళు మొద్దుబారాయి. కర్రని కోస్తున్నారా, నమిలేస్తున్నారా? పదును పెట్టుకోండి.'

మధ్య గదిలో రంపం ఆగిపోయింది. నా చేతిలో తోలు జారి జిగురు గిన్నెలో పడింది. తలుపు సందులోంచి చూశాను. అన్నయ్య రంపం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు, వెనుక గది వైపు చూస్తూ. వాళ్ళిద్దరి మధ్య మూసిన తలుపు, దాని అవతల ఆమె.

అన్నయ్య రంపానికి పదును పెట్టలేదు. మొహం తుడుచుకుని, అదే మొద్దు రంపంతో మళ్ళీ కోయడం మొదలుపెట్టాడు. ముందుకంటే మెల్లగా.

'చెప్తే వినరేం' అంది లోపలి నుంచి వదిన.

అన్నయ్య నా వైపు చూసి, చెప్పొద్దని వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఇంకాస్త నెమ్మదిగా కోశాడు. అవసరం లేని చెక్కముక్క అది, దేనికీ పనికిరానిది.

మూడోసారికి తలుపు తెరుచుకుంది. వదిన చేతిలో ఉలితో గుమ్మంలో నిలబడి, 'మీకేమన్నా చెవుడా?' అని అడిగింది.